రాగిచారల తల్లివరుస

వాగు ఎండిపోయిన ఏడాది రాగిచారలు ఏడే మిగిలాయి. నాలుగు మగవి, మూడు ఆడవి.

చూపుడువేలంత చేప అది. బూడిదరంగు ఒళ్ళు. మగచేపకు ఈడొచ్చాక చెంప దగ్గర్నుంచి తోకదాకా రాగితీగ పరిచినట్టు ఒక చార మెరుస్తుంది. ఆడచేపకు ఆ మెరుపు రాదు. లోకం మొత్తమ్మీద అది బతికింది ఆ ఒక్క వాగులోనే. ఊట దగ్గర వరసగా లోతైన బోర్లు పడ్డాయి. మూడేళ్ళలో ఊట ఆగిపోయింది. ఆఖరి మడుగులో నీళ్ళకంటే బురదే ఎక్కువైన రోజున ఇద్దరు మనుషులు మోకాటిలోతు బురదలో వంగి, చేతివలలతో ఆ ఏడింటినీ ఏరి, మూతల బకెట్లలో పరిశోధనశాలకు తెచ్చారు.

ఇద్దరిలో ఒకావిడ చేపల జన్యువులు చదివే శాస్త్రవేత్త. నలభై రెండేళ్ళు. అందరూ డాక్టరమ్మ అనేవారు. ఆ పేరు విని, వీధిలో కొత్తగా దిగినవాళ్ళు పిల్లల జ్వరానికి మందు రాయించుకుందామని వస్తే, "నేను చేపల డాక్టర్నండీ" అని చెప్పి పంపేది. "పోనీ, చేపకిచ్చే మందే కొంచెం తగ్గించి ఇవ్వమ్మా" అందట ఒక ముసలావిడ.

రెండో మనిషి తొట్లగది చూసుకునే పెద్దాయన. ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళు మార్చడం, గాజుతొట్ల పాచి గీకడం, మేత వెయ్యడం ఆయన పని. చిన్నా పెద్దా అందరికీ ఆయన తొట్ల బాబాయే. చేపకు జబ్బు చేస్తే డాక్టరమ్మ కంటే ఒకరోజు ముందే ఆయనకు తెలిసేది. ఎలా తెలిసిందని అడిగితే "మొహం వాడిందమ్మా" అనేవాడు. చేపకు మొహం వాడటమేమిటో ఆమెకు ఎన్నేళ్ళయినా అంతుపట్టలేదు.

పరిశోధనశాలకు పెద్ద డైరెక్టరు. మంచివాడే. కాకపోతే ఏది అడిగినా "రేపు చూద్దాం" అనేవాడు. చాటున అందరూ ఆయన్ని రేపుగారు అనుకునేవారు. అలాంటి మనిషి రాగిచారల విషయంలో మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేనన్నాడు.

"ఏడు చేపలతో ఏం సంసారం చేస్తామండీ? గట్టుకు అవతలి వాగులో అచ్చం ఇలాంటివే వందకు పైగా ఉన్నాయి కదా. నాలుగు తెచ్చి వీటిలో కలిపెయ్యండి. సంతానం పెరుగుతుంది. మీకూ నిద్ర పడుతుంది, నాకూ పడుతుంది."

"చూడటానికి ఒకేలా ఉన్నాయి సార్. నిజంగా ఒకటో కాదో ఎవరూ చూడలేదు. వేరువేరు జాతులైతే, కలిపాక రెండూ పాడైపోతాయి. రెండు నెలలు టైమివ్వండి. తల్లివరుస పరీక్ష చేస్తాను."

"ఈలోగా ఇవి చస్తే?"

"పూచీ నాది" అంది డాక్టరమ్మ.

ఆ మాట చాలా తేలిగ్గా అనేసింది.

ఆ రోజు ఇంట్లో భోజనాల దగ్గర పదకొండేళ్ళ కూతురు, "తల్లివరుస అంటే ఏంటమ్మా?" అని అడిగింది. ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని బుల్లి బుల్లి పొయ్యిలుంటాయని చెప్పిందామె. కణానికి కావలసిన శక్తి వాటిలోనే తయారవుతుంది. వాటికి సొంతంగా ఒక చిన్న డీఎన్ఏ ఉంటుంది, నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి చీటీలాంటిది. మిగతా డీఎన్ఏ అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తుంది. ఈ చీటీ మాత్రం అమ్మ ఒక్కదాని దగ్గర్నుంచే. అమ్మకు అమ్మమ్మ నుంచి, అమ్మమ్మకు వాళ్ళమ్మ నుంచి. తరాలు గడిచేకొద్దీ ఎప్పుడో ఒకచోట ఒక అక్షరం మారుతుంది. రెండు చేపల చీటీలు పక్కపక్కన పెట్టి, ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కపెడితే, వాటి తల్లులు ఎంతకాలం కిందట విడిపోయారో తెలుస్తుంది.

"అయితే నాన్నది నాలో లేదా?"

"ఆ చీటీ మట్టుకు లేదు."

లెక్కల మాస్టారైన భర్త గిన్నె దగ్గరకు లాక్కుంటూ, "అంటే నేను ఈ ఇంట్లో అద్దెకుంటున్నానన్నమాట" అన్నాడు.

కూతురు నవ్వి, "మరి నాకో తమ్ముడుంటే వాడికి వస్తుందా?" అంది.

"వస్తుంది. కానీ వాడు తన పిల్లలకు ఇవ్వలేడు. వాడి దగ్గరే ఆగిపోతుంది."

మర్నాడు ఏడు చేపల తోక అంచు నుంచీ చీమతలంత ముక్క కత్తిరించింది. కత్తిరించిన చోట మళ్ళీ పెరుగుతుంది. ఆడవాటిలో ఒకదానికి ఎప్పుడో ఏదో కొరికి సగం తోకే మిగిలింది. తొట్ల బాబాయి దాన్ని మొండితోక అనేవాడు. దానికి మాత్రం రెక్క అంచు తీసింది. అవతలి వాగు చేపల నుంచి ఇరవై ముక్కలు తెచ్చుకుంది. వాటిలోంచి డీఎన్ఏ తీసి, కావలసిన భాగానికి యంత్రంలో కోట్ల ప్రతులు తీసి, అక్షరాలు చదవడానికి పెద్ద ల్యాబుకు పంపింది.

ఆరో వారంలో ఫలితాలొచ్చాయి. పదకొండువందల నలభై అక్షరాల్లో డెబ్భైరెండు తేడా. ఆమె మూడుసార్లు లెక్కపెట్టింది. ముప్ఫై లక్షల ఏళ్ళకు పైమాటే. భూమ్మీద మనిషన్నవాడు పుట్టకముందే ఈ రెండు వాగుల చేపలూ విడిపోయాయి. రంగూ ఆకారమూ ఒకటే అయినా అవి అక్కచెల్లెళ్ళు కావు, ఎప్పుడో దారులు వేరైన దూరపు చుట్టాలు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఏడు రాగిచారల్లో ఆరింటి చీటీ అచ్చు ఒకటే. మొండితోకది మాత్రం మూడక్షరాలు వేరు. ఆ వాగులో ఒకప్పుడు ఎన్నో తల్లివరుసలు ఉండేవనీ, వాటిలో ఒకదానికి మొండితోకే ఆఖరి వారసురాలనీ అర్థం.

ఇంకో రోజైతే ఎగిరి గంతేసేది. ఎవరూ గుర్తించని జాతిని గుర్తించింది మరి. కానీ ఆ మధ్యాహ్నం కాగితాలు ముందేసుకుని ఊరికే కూర్చుంది. నిన్నటిదాకా వందకు పైగా ఉన్నాయని చెప్పుకున్న చేపలు లెక్కలోంచి పోయాయి. లోకంలో రాగిచారలు ఏడే.

డైరెక్టరు నమ్మలేదు. "ఇంకోసారి చెయ్యండి. మళ్ళీ ఇదే వస్తే కలపొద్దని నేనే సంతకం పెడతాను. పెద్ద ల్యాబు బండి శుక్రవారం నాలుగింటికి వస్తుంది. దాన్లో పంపెయ్యండి" అన్నాడు.

వేసవి. రోజూ పదకొండింటికి కరెంటు పోయేది. ఒక్కోసారి గంట, ఒక్కోసారి మూడు గంటలు. తొట్లలోకి గాలి ఊదే మోటారుకు తొట్లగదిలో ఇన్వర్టరు ఉంది. ల్యాబు ఇన్వర్టరు బ్యాటరీ అంతకు వారం ముందే చచ్చింది. కొత్తది కావాలని రాసిన కాగితం డైరెక్టరు బల్లమీద ఉంది.

శుక్రవారం పదిన్నరకు డాక్టరమ్మ తొట్లగది బ్యాటరీ వైర్లు విప్పి, తోపుడుబండి మీదికి ఎక్కించుకుంది. పంపు నీళ్ళు రాగిచారలకు పడవు కనుక తొట్ల బాబాయి వారానికి రెండుసార్లు అవతలి వాగు నీళ్ళు తెచ్చేవాడు. డబ్బాలు బండిలోకి ఎక్కిస్తూ ఆమెను చూసి ఆగాడు.

"బ్యాటరీ ఎక్కడికమ్మా?"

"ల్యాబులోకి. రెండున్నర గంటలే బాబాయి. మధ్యలో యంత్రం ఆగితే శాంపిల్సన్నీ పాడైపోతాయి. కరెంటు పోతే వెంటనే ఇక్కడికొచ్చి, వచ్చేదాకా మగ్గుతో నీళ్ళు ఎత్తిపోస్తూ కూర్చుంటాను."

"మర్చిపోరుగా?"

"నేనా?" అని నవ్వింది.

ఆమె మర్చిపోలేదు. కరెంటు పోయిన సంగతే ఆమెకు తెలియలేదు. కిటికీ పక్కన ఎండవెలుతురులో కూర్చుని ఉంది కాబట్టి లైటుతో పనిలేదు. కాగితాలు ఎగురుతాయని ఫ్యాను ముందే ఆపుకుంది. యంత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. పదకొండుంబావుకు కరెంటు పోతే, ఒంటిగంటకు యంత్రం కూత పెట్టేదాకా తలెత్తలేదు. పని చక్కగా అయింది. సంతోషంగా లేచి, నీళ్ళు తాగుదామని వరండాలోకి వచ్చింది. ఎప్పుడూ వినబడే బుడబుడ శబ్దం తొట్లగదిలోంచి వినబడలేదు.

చెంబు అక్కడే వదిలేసి పరుగెత్తింది. తొట్టిలో మూడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. రెండు ఆడవి, ఒకటి మగది. మిగతా నాలుగూ నీళ్ళ పైపొరకు నోళ్ళు ఆనించి ఎగరోజుతున్నాయి. ఆమె మగ్గుతో నీళ్ళు ముంచి ఎత్తునుంచి పోసింది, మళ్ళీ ముంచింది, మళ్ళీ పోసింది. తేలిన వాటిని ఒక్కొక్కటిగా అరచేతిలో పట్టుకుని నీళ్ళలో ముందుకీ వెనక్కీ ఆడించింది. మొప్పల్లోకి నీళ్ళు వెళ్ళి వస్తున్నాయి కానీ మొప్పలు కదలలేదు. తొట్ల బాబాయి వచ్చేసరికి ఆమె చీర మొత్తం తడిసిపోయి, మూడో చేపను ఇంకా ఆడిస్తూనే ఉంది.

"వదిలెయ్యండమ్మా" అన్నాడు ఆయన. "అది పోయింది."

"ఇప్పుడే ఒకసారి కదిలింది బాబాయి."

"కదిలింది మీ చెయ్యమ్మా."

ఆయన ఆమె వేళ్ళు విప్పి చేపను తీసుకున్నాడు. బ్యాటరీ తెచ్చి వైర్లు బిగించాడు. గాలిబుడగలు లేచాయి. బతికిన నాలుగింటిలో ఆడది ఒక్కటే, మొండితోక.

సాయంత్రం తొట్లగది పుస్తకంలో ఆయన రాసిన వరుస ఆమె కళ్ళబడింది: మోటారు ఆగిపోవుట వలన మూడు చేపలు మరణించినవి. నేను సమయానికి లేను. కింద ఆయన సంతకం.

"ఇదేంటి బాబాయి?"

"నాకింక ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. నన్నేం చేస్తారమ్మా? ఒక మెమో ఇస్తారు. మడిచి జేబులో పెట్టుకుంటాను. మిమ్మల్ని ఇక్కడ్నుంచి కదిపితే ఈ నాలుగింటినీ చూసేదెవరు?"

ఆమె ఆ వరుసను అడ్డంగా కొట్టేసి, కింద జరిగింది జరిగినట్టు రాసింది. బ్యాటరీ తీసిన టైము, తీసినవారి పేరు, కారణం. ఆ పుస్తకం తీసుకెళ్ళి డైరెక్టరు ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"బండి వచ్చి శాంపిల్సు తీసుకెళ్ళిందా?" అన్నాడు.

"తీసుకెళ్ళింది."

"మంచిది."

ఆయన తిట్టి ఉంటే బావుండేదనిపించింది ఆమెకు. రెండో ఫలితం కూడా అదే వచ్చింది. డెబ్భైరెండు అక్షరాలు. కలపకూడదని ఆమె రిపోర్టు రాసింది, ఆయన సంతకం పెట్టాడు. ఆ చేపలు ఎవరో రుజువు చెయ్యబోయి వాటినే చంపుకున్నానన్న మాట ఆమె పైకి ఎవరితోనూ అనలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. భర్త అడిగితే "ఎండకు పోయాయి" అంది.

ఇక ఉన్నదల్లా మొండితోక. మిగతా ఆరింటి తల్లివరుస ఆ రెండు ఆడచేపలతోనే తెగిపోయింది. మిగిలిన మూడు మగవాటి ఒంట్లో అది ఉన్నా, ఉండి ఉపయోగం లేదు.

రాగిచారలు గుడ్లు పెట్టేది తొలివానలకు, చల్లటి కొత్తనీరు వాగులోకి దిగినప్పుడు. వానలకు ఇంకా నెలన్నర ఉంది. అంతవరకూ మొండితోక ఉంటుందో ఉండదో అని ఇద్దరూ కలిసి వాన కురిపించారు. పూలకుండీలకు నీళ్ళు పోసే చిల్లుల డబ్బాతో, మంచుముక్కలు కలిపిన నీళ్ళు, రోజుకు ఆరుసార్లు. డాక్టరమ్మ స్టూలెక్కి పోసేది. బాబాయి రేకుపళ్ళెం మీద చేత్తో దబదబా కొట్టేవాడు.

"ఉరుములెందుకు బాబాయి?"

"వాన అంటే నీళ్ళొకటే కాదు కదమ్మా."

తొమ్మిదో రోజున మొండితోక పొట్ట ఉబ్బింది. పదకొండో రోజు పొద్దున నాచులో ఎనభై నాలుగు గుడ్లు కనిపించాయి, ఆవగింజలంత. మూడు మగచేపలూ రాగిరంగు భగభగలాడుతూ వాటి చుట్టూ తిరుగుతున్నాయి. డాక్టరమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఆ శుక్రవారం తరవాత ఏడవడం అదే మొదలు.

ఆ సంతోషం నాలుగు రోజులు. గుడ్లు ఒక్కొక్కటే తెల్లబడి బూజు పట్టాయి. చెడినదాన్ని చెడినట్టు సన్నటి పుల్లతో ఏరి తీసేస్తూ వచ్చారు. పిల్లలయినవి ఆరు. మొదటి వారంలోనే మూడు పోయాయి. ఇరవయ్యో రోజున బాబాయి మొండితోకను చూసి "మొహం వాడిందమ్మా" అన్నాడు. ఉప్పునీళ్ళలో ముంచారు, మందు కలిపారు, తొట్టి మార్చారు. రెండు రోజులకు అది అడుగున పక్కకు ఒరిగి, మళ్ళీ లేవలేదు.

ముసలివైన మూడు మగచేపలూ ఆ నెలలోనే ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఇక మిగిలింది మూడు పిల్లలు, వెంట్రుకముక్కల్లాంటివి. వాటిలో ఏది ఆడో ఏది మగో ఈడొచ్చేదాకా తెలియదు. ఆరు నెలలు పడుతుంది. మూడింటిలో ఒక్కటి ఆడదైతే చాలు, ముప్ఫై లక్షల ఏళ్ళ వరుస నిలుస్తుంది. తోక ముక్క తీసి పరీక్ష చేస్తే తెలుస్తుందేమోనని డైరెక్టరు అడిగాడు. ఈ చేపకు అలాంటి పరీక్ష ఇంకా ఎవరూ కనిపెట్టలేదనీ, మైటోకాండ్రియా చీటీ తల్లి ఎవరో చెబుతుంది కానీ బిడ్డ ఆడో మగో చెప్పదనీ ఆమె చెప్పింది. ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు.

తొట్లగదికి రెండు బ్యాటరీలొచ్చాయి. డాక్టరమ్మ బల్ల కూడా అక్కడికే వచ్చింది. ఆదివారాలూ లేవు. కూతురు బడినుంచి నేరుగా అక్కడికే వచ్చి హోంవర్కు చేసుకునేది. ఒకప్పుడు ఆ గదిలోకి ఎవరొచ్చినా మొదట అడిగేది ఆ రాగిచార చూపించమనే. ఇప్పుడు ఆ చార పేరెత్తనిచ్చేవారు కాదు. చార మెరిసిందంటే మగదని అర్థం.

నాలుగో నెల చివర ఒకదానికి చెంప దగ్గర ఎర్రటి చుక్క తేలింది. వారంలో అది గీతైంది. "ఇంకా రెండున్నాయి కదమ్మా" అన్నాడు బాబాయి. ఐదో నెలలో రెండోదానికీ వచ్చింది. ఆయన ఈసారి గుడ్డ తీసుకుని తొట్టి గాజు తుడవడం మొదలుపెట్టాడు.

మూడోది బూడిదరంగులోనే ఉంది. ఐదో నెల దాటింది. ఆరో నెల పడింది. ఒళ్ళు గుండ్రంగా, పొట్ట కొంచెం ముందుకు. మిగతా రెండూ దాని వెంట పడుతుంటే విసుక్కుని నాచులోకి దూరేది. ఇద్దరూ నోరు విప్పి అనుకోలేదు కానీ దాని గురించి "ఆవిడ" అని మాట్లాడటం మొదలుపెట్టారు. ఆవిడ తిన్నదా? ఆవిడ ఎక్కడ? డాక్టరమ్మ ఒకరోజు ఇంట్లో, చాలాకాలం తరవాత, పని చేసుకుంటూ కూనిరాగం తీసింది.

ఆరో నెల పదిహేడో రోజు. ఆమె గదిలోకి వచ్చేసరికి బాబాయి తొట్టి ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఆమె రాగానే లేచేవాడు, లేవలేదు.

"బాబాయి?"

"ఇటు వెలుతురులోకి వచ్చి చూడండమ్మా. నావి ముసలి కళ్ళు. నాకు తప్పు కనబడుతోందేమో."

ఆమె వంగి చూసింది. చేప పక్కకు తిరిగింది. చెంప నుంచి నడుమువరకూ వెంట్రుకంత సన్నగా రాగిగీత. కిటికీ ఎండ పడి మెరిసింది.

"తప్పేం కనబడలేదు బాబాయి" అంది.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆమె మాత్రం చాలాసేపు అలాగే వంగి నిలబడిపోయింది. ముప్ఫై లక్షల ఏళ్ళు ఒక్క తరం కూడా తప్పకుండా తల్లి బిడ్డకు అందించుకుంటూ వచ్చిన చీటీ, ఇప్పుడు ఎవరికీ ఇవ్వలేని మూడు చేపల ఒంట్లో ఉంది. వాటి ఆయుష్షు రెండేళ్ళు.

వారంపాటు ఆలోచించి డైరెక్టరు దగ్గరకు వెళ్ళింది.

"అవతలి వాగు నుంచి నాలుగు ఆడచేపలు తెచ్చి, ఈ మూడింటితో కలుపుతాను. అనుమతివ్వండి."

ఆయన అద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "కలపకూడదని రాసింది మీరే కదండీ."

"నేనే. అది ఇప్పటికీ నిజమే సార్. పుట్టేవి రాగిచారలు కావు, అవతలి వాగు చేపలూ కావు. ఏ వాగులోనూ వదలకూడదు. ఈ తొట్లు దాటనివ్వను. కానీ కలపకపోతే రెండేళ్ళ తరవాత వీటి ఆనవాలు కూడా మిగలదు. సగమైనా మిగులుతుంది కదా అని అడుగుతున్నాను."

"మొదటే కలిపి ఉంటే..." అని ఆయన ఆగిపోయాడు.

"మొదటే కలిపి ఉంటే ఏం పోగొట్టుకున్నామో కూడా మనకు తెలిసేది కాదు" అంది ఆమె. అని, తన మాట తనకే నచ్చక, "తెలిసి మాత్రం ఏం చేశాను" అంది.

ఆయన అనుమతి రాసిచ్చాడు.

బాబాయి రిటైరైన నెలలోనే పిల్లలు పుట్టాయి. రెండువందల పద్నాలుగు. చలాకీగా, తిండికి ఎగబడుతూ పెరిగాయి. ఒక పిల్ల నుంచి ముక్క తీసి డాక్టరమ్మ పరీక్షకు పంపింది. ఏం వస్తుందో ఆమెకు తెలుసు. అయినా వచ్చిన పదకొండువందల నలభై అక్షరాలూ మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివింది. రాగిచారకు ప్రత్యేకమైన డెబ్భైరెండు అక్షరాల్లో ఒక్కటి కూడా లేదు. అంతా అవతలి వాగుదే.

మగపిల్లలకు చారలు మెరిశాక పేపరువాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. అంతరించిపోతున్న చేపను కాపాడారని రాశారు. రాగిచార తల్లివరుస ముగిసిపోయిందనీ, అందులో తన పొరపాటు ఉందనీ, ఇవి మిశ్రమ సంతానమనీ ఆమె సవరణ రాసి పంపింది. వాళ్ళు వేసుకోలేదు. ఆ సవరణ ప్రతిని ఇంట్లో భర్తకూ కూతురికీ చదివి వినిపించింది. బ్యాటరీ సంగతి వాళ్ళు వినడం అప్పుడే. కూతురు వచ్చి ఆమె పక్కన కూర్చుంది. భర్త, "ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా?" అన్నాడు. ఆమె తలూపింది. మనసు తేలికపడుతుందనుకుంది, పడలేదు.

తరవాతి వేసవిలో అవతలి వాగు గట్టున కూడా బోర్లు వేసే లారీలు కనిపించాయి. ఆమె ఆపించాలని నాలుగు ఆఫీసులు తిరిగింది. నెత్తీ నోరూ బాదుకుంది. కాగితాలు తీసుకున్నారు, పరిశీలిస్తామన్నారు. ఆమె ఆగలేదు. వలా, బకెట్లూ, కొలకర్రా తీసుకుని వాగులోకి దిగింది. రిటైరైన బాబాయి పంచె ఎగగట్టి, అవతలి ఒడ్డునుంచి వల రెండో కొస పట్టుకున్నాడు. మడుగు మడుగూ లెక్కపెట్టుకుంటూ పొద్దుగూకేదాకా నడిచారు.

కిందటేడు నూటపద్నాలుగు. ఈసారి తొంభై ఒకటి. అందులో ఆడవి ముప్ఫై ఎనిమిది అని ఆమె తడిచేత్తోనే పుస్తకంలో రాసుకుని, ఇంకో మడుగు ఉందేమో చూద్దామని పైకి నడిచింది.